జాబు చివర తనంతట పడు చేవ్రాలు

జాబు వ్రాయుటలో మనకు తరతరాలుగా వచ్చుచున్న ఒక మర్యాద కలదు. పైన ఊరి పేరు, తేదీ. దాని క్రింద సంబోధన. పిదప క్షేమసమాచారము, చెప్పదలచిన విషయము. కట్టకడపట "ఇట్లు" అని చేవ్రాలు. ఈ చేవ్రాలు రెండు పనులు చేయును. జాబు ఇచట ముగిసినదని తెలుపుట ఒకటి. పైనున్న మాటలన్నియు ఫలానా వారివని తెలుపుట రెండవది. ఈ రెండింటిలో ఏది తప్పినను చదువువారు చిక్కున పడుదురు. ముగింపు తెలియనిచో ఒకరి మాట మరియొకరి మాటలో కలిసిపోవును. వ్రాసినవారెవరో తెలియనిచో మాటకు పూచీ యుండదు.

కంప్యూటర్ల ద్వారా దూరదేశముల వారు ఒకరితో నొకరు చర్చించుకొనుట మొదలైన కాలమున ఈ చేవ్రాలు వ్రాయు పనిని మనుష్యుడు యంత్రమునకు అప్పగించెను. ఒక్కసారి తన పేరు, ఊరు వ్రాసి యుంచిన చాలును. తరువాత పంపు ప్రతి జాబు చివరను యంత్రమే దానిని అతికించును. సౌకర్యము గొప్పదే. కాని యంత్రమునకు చూపు లేదు. జాబులో ఏమున్నదో, ఎవరికి పోవుచున్నదో, చేవ్రాలు సరిగా పడినదో లేదో అది చూడదు. అందువలన ఈ సదుపాయముతో పాటు కొన్ని తంటాలు కూడ పుట్టినవి. అవి ఎట్టివో, వానిని చక్కబరచుకొను విధ మెట్టిదో నేడు ముచ్చటింతము.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల శ్రోతలకు ఈ విషయము దూరపుది కాదు. అచటి ఎన్నో కుటుంబములలో ఒకరో ఇద్దరో దుబాయి, మస్కటు, సౌదీ దేశములందున్నారు. చదువులకై అమెరికా వెళ్ళినవారును కలరు. పూర్వము విమానపు తపాలాలో వచ్చు క్షేమసమాచారము ఇప్పుడు తెరమీద వచ్చుచున్నది. చర్చాగోష్ఠులలో పుట్టిన ఆ చేవ్రాలే నేటి ఈ-మెయిలు క్రింద ఇంకను కనబడుచున్నది. దాని గుణదోషములు తెలిసికొనుట ప్రతి ఇంటికి అవసరము.

ముందుగా దీని పుట్టుక. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అను ఇద్దరు విద్యార్థులు 1979లో ఒక ఊహ చేసిరి. 1980 నాటికి అది యూజ్‌నెట్ అను పేర లోకమునకు వచ్చెను. ఒక కంప్యూటరులో వ్రాసిన జాబును టెలిఫోను తీగ మీదుగా మరియొక కంప్యూటరు తీసికొనును. దాని నుండి ఇంకొకటి తీసికొనును. ఈ రీతిని ఒక్క జాబు వందల స్థలములకు ప్రాకును. విషయమునకొక గోష్ఠి చొప్పున వేరువేరు గోష్ఠులుండును. ఇష్టమైన గోష్ఠిలో ఎవరైనను చదువవచ్చును, ఎవరైనను బదులు వ్రాయవచ్చును.

ఆనాటి తీగల వేగము మిక్కిలి తక్కువ. సెకనుకు 1,200 బిట్లు పంపు యంత్రము ఉన్నదనుకొందము. ఒక్కొక్క అక్షరమునకు ఆద్యంతముల గుర్తులతో కలిపి 10 బిట్లు పట్టును. అనగా సెకనుకు 120 అక్షరములు. తెరమీద పంక్తికి 80 అక్షరములు. నాలుగు పంక్తుల చేవ్రాలుకు 320 అక్షరములు. అవి పోవుటకు మూడు సెకనుల లోపే చాలును. అదే ఇరువది పంక్తులైనచో 1,600 అక్షరములు. పదమూడు సెకనులకు పైగా పట్టును. ఒక్క జాబునకు ఇది స్వల్పమే. కాని ప్రతి స్థలమును ప్రతి జాబును మరల మరల దింపుకొనవలెను, దాచుకొనవలెను, టెలిఫోను రుసుము చెల్లించవలెను. అందువలన చేవ్రాలు నాలుగు పంక్తులకు మించరాదను మర్యాద ఏర్పడినది. ఇంటెల్ సంస్థకు చెందిన శాలీ హ్యాంబ్రిడ్జ్ 1995లో కూర్చిన మర్యాదల పత్రము కూడ ఈ నాలుగు పంక్తుల మాటనే చెప్పినది. తీగల వేగము వేలరెట్లు పెరిగినను ఆ మర్యాద నిలిచినది. ఒక్క వాక్యపు బదులుకు క్రింద పుటెడు బిరుదావళి యుండుట చదువరికి ఎప్పుడును విసుగే గదా.

ఇక యంత్రము ఈ పనిని ఎట్లు చేయును? యూనిక్స్ అను ఏర్పాటు గల కంప్యూటర్లలో ప్రతి వినియోగదారునకు సొంత అర యొకటి ఉండును. దానిని హోమ్ డైరెక్టరీ యందురు. ఆ అరలో 'సిగ్నేచర్' అను పేరుగల చిన్న ఫైలును ఉంచవలెను. పేరుకు ముందు ఒక చుక్క తప్పనిసరి. జాబు పంపు ప్రోగ్రాము ఆ ఫైలు కొరకు వెదకును. దొరికినచో దానిలో ఉన్నది ఉన్నట్లు జాబు చివర అతికించును. జరుగునది ఇంతే. కనుక తంటా ఏదైనను మూడు ప్రశ్నలతో వెదకవచ్చును: ఫైలు దొరికినదా? ఎన్నిసార్లు అతికినది? ఎక్కడ అతికినది?

మొదటి తంటా, చేవ్రాలు అసలే పడకుండుట. దీనికి కారణము తరచుగా పేరులోనే ఉండును. ముందు చుక్క మరచిన యెడల ప్రోగ్రాము ఆ ఫైలును గుర్తింపదు. యూనిక్స్‌లో ఆంగ్లమందలి పెద్ద అక్షరము వేరు, చిన్న అక్షరము వేరు. మొదటి అక్షరమును పెద్దదిగా వ్రాసినను అది వేరొక ఫైలగును. పైగా చుక్కతో మొదలగు ఫైళ్ళు మామూలు జాబితాలో కనబడవు. "నేను చేసిన ఫైలు పోయినది" అని క్రొత్తవారు మరల మరల చేయుచుందురు. దాగిన ఫైళ్ళను కూడ చూపుమని అడిగి చూచినగాని నిజము తెలియదు.

పేరు సరిగా ఉండియు పడనిచో, అనుమతి సంగతి చూడవలెను. పలువురు వాడు కంప్యూటరులో ఒకరి అరలోనిది మరియొకరు చదువకుండ కట్టుబాటు చేయవచ్చును. కొన్ని చోట్ల జాబులు పంపు ప్రోగ్రాము మన పేర గాక తన సొంత పేర పనిచేయును. మన ఫైలు మనకు మాత్రమే తెరిచియున్నచో దానికి అది మూసిన తలుపే. ఫైలును ఇతరులు చదువుటకు అనుమతి ఈయవలెను. ఆ ఫైలు వరకు వచ్చుటకు అర గుమ్మము కూడ దాటనీయవలెను. పెట్టెకు తాళము తీసి ఇంటి తలుపు వేసిన యెడల లోనికి వచ్చుటెట్లు?

రెండవ తంటా, చేవ్రాలు రెండుసార్లు పడుట. జాబు వ్రాయుటకు ఒక ప్రోగ్రాము, పంపుటకు వేరొక ప్రోగ్రాము ఉండును. వ్రాయునది తన వంతుగా చేవ్రాలు చేర్చును. పంపునది "ఇంకను చేర్చలేదు కాబోలు" నని మరల చేర్చును. కొందరు యంత్రము చేర్చునని తెలియక చేతితో కూడ వ్రాయుదురు. ఇట్టి సమయమున ఫైలును చెరిపివేయరాదు. రెండు చోట్లలో ఒక చోట మాత్రము చేర్చుట మానుమని ఆ ప్రోగ్రాముకు చెప్పవలెను. మూడవ తంటా నిడివి. నాలుగు పంక్తులు దాటినచో కొన్ని ప్రోగ్రాములు మిగిలినది కత్తిరించును. కొన్ని అసలే చేర్చవు. క్రింది పంక్తిలో ఉంచిన చిరునామా ఎందుకు పోయినదని వెదకువారు మొదట పంక్తులు లెక్కించుకొనుట మంచిది. చివరనున్న ఖాళీ పంక్తి కూడ లెక్కలోనిదే.

ఇంతవరకు చెప్పినవి కంటికి కనబడు తంటాలు. కనబడని తంటా ఒకటి కలదు. నష్టము దానివలననే ఎక్కువ. అది ఎల్లగీత సంగతి.

మగ్గముపై ఒకే పడుగున వరుసగా చీరలు నేయువారు ఒక చీర ముగిసి వేరొకటి మొదలగు చోట కొంత పడుగును నేయక విడుతురు. కత్తెర అచట పడును. ఆ ఖాళీ లేనిచో కత్తెర ఎవరి చీరనైనను కోయవచ్చును. సిరిసిల్లలో మగ్గముల చప్పుడు విన్నవారికి ఇది చెప్పనక్కరలేదు. జాబునకును చేవ్రాలుకును నడుమ ఇట్టి గుర్తే ఒకటి కావలెను. ఆ గుర్తు ఇది: ఒక పంక్తిలో రెండు చిన్న అడ్డగీతలు, వాని వెంట ఒక్క ఖాళీ, అంతే. ఆ పంక్తిలో మరేమియు ఉండరాదు. చదువు ప్రోగ్రాము ఈ పంక్తిని చూచి, దీని క్రిందనున్నది జాబు కాదు, చేవ్రాలు అని గ్రహించును. కావలెనన్న దానిని దాచును. ముఖ్యముగా బదులు వ్రాయునపుడు దానిని విడిచి, జాబు మాటలను మాత్రమే ఉటంకించును. వాడుకలో ఎన్నడో స్థిరపడిన ఈ గుర్తును 2004లో వెలువడిన ఇంటర్నెట్ ప్రమాణపత్రము కూడ నమోదు చేసినది.

ఇందులో ప్రాణము ఆ ఖాళీలో ఉన్నది. పంక్తి చివరనున్న ఖాళీ కంటికి కనబడదు. అనేక వ్రాత ప్రోగ్రాములు పంక్తి చివరి ఖాళీలను పనికిరానివని ఊడ్చివేయును. అప్పుడు మిగులునవి రెండు అడ్డగీతలు మాత్రమే. మనకు అంతయు సరిగానే కనబడును. యంత్రమునకు మాత్రము గుర్తు పోయినది. అది చేవ్రాలును కూడ జాబుగానే భావించి బదులులో ఉటంకించును. ఆ బదులుకు బదులు వ్రాయువాడు దానిని మరల ఉటంకించును. నాలుగైదు బదుళ్ళు గడచునప్పటికి ఎవరి మాట క్రింద ఎవరి పేరున్నదో తెలియకపోవును. ఒకడు పరుషముగా వ్రాసిన వాక్యము క్రింద మరియొకని పేరు నిలుచును. ఎరుగనివాడు అది చూచి, ఆ మాట అనినవాడు ఇతడే అనుకొనును. ఒక్క ఖాళీ పోయినందువలన స్నేహములు చెడుటకు ఇంత చాలును.

దీనికి పరీక్ష సులభము. మనము పంపిన జాబునకు మనమే బదులు వ్రాయ మొదలిడవలెను. ఉటంకింపులో చేవ్రాలు రాకున్నచో గుర్తు సరిగానున్నది. వచ్చినచో ఖాళీ పోయినది. ఫైలు తెరిచి రెండు గీతల వెంట ఖాళీని మరల ఉంచి, చివరి ఖాళీలను ఊడ్చు అలవాటును వ్రాత ప్రోగ్రాములో మాన్పింపవలెను.

ఎల్లగీత సరిగానున్నను దానిని తప్పు చోట ఉంచినచో మరియొక అనర్థము కలదు. కొందరు తమ బదులును పైన వ్రాసి, దాని క్రింద చేవ్రాలు పెట్టి, ఎదుటివారి పాత జాబును అంతకు క్రింద ఉంచుదురు. చదువు ప్రోగ్రాము ఎల్లగీత క్రిందిదంతయు చేవ్రాలే అనుకొనును. తరువాతి బదులులో ఆ పాత జాబు మొత్తము మాయమగును. కనుక చేవ్రాలు అన్నిటికంటె చివరనుండవలెను. పాత జాబులో అవసరమైన వాక్యములను మాత్రము ఉంచి, వాని క్రింద మన బదులు వ్రాసి, చివర చేవ్రాలుంచుట చర్చాగోష్ఠుల పాత పద్ధతి.

ఇప్పుడు మన తెలుగు సంగతికి వత్తము. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని తెలుగువారు యూజ్‌నెట్‌లో 'సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు' అను గోష్ఠిలో కూడుచుండిరి. ఆనాటి తీగలపై నమ్మకముగా పోవునవి ఆంగ్లాక్షరములు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే. మొత్తము 128 సంకేతములు. తెలుగు లిపికి అందు చోటు లేదు. టెక్సాసు రాష్ట్రమందలి రైస్ విశ్వవిద్యాలయములో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ ఆంగ్లాక్షరములతో తెలుగు వ్రాయు పద్ధతి నొకదానిని రూపొందించిరి. దానికి ఆర్.టి.ఎస్. అని పేరు. ఆ పద్ధతిలో వ్రాసిన జాబును ప్రోగ్రాము తెలుగు లిపిలోనికి మార్చగలదు.

ఈ పద్ధతికి మూలము పెద్ద అక్షరము, చిన్న అక్షరము అను భేదము. చిన్న 'టి' వ్రాసిన త, పెద్ద 'టి' వ్రాసిన ట. చిన్న 'ఎల్' ల, పెద్ద 'ఎల్' ళ. చిన్న 'ఎస్' స, పెద్ద 'ఎస్' శ. చిన్న 'ఓ' హ్రస్వమగు ఒ, పెద్ద 'ఓ' దీర్ఘమగు ఓ. 'సి' అక్షరము చ. జాబు వ్రాయునపుడు అందరును జాగ్రత్తగానే ఉందురు. చేవ్రాలు మాత్రము ఎన్నడో ఆంగ్లపు అలవాటున వ్రాసి పెట్టినది. ప్రతిసారి దానంతట పడునది. తంటా అచట పుట్టును.

మన మూడు ఊళ్ళనే తీసికొనుడు. కోరుట్లను ఆంగ్లములో వ్రాయునట్లు చిన్న 'ఓ'తో, చిన్న 'టి'తో వ్రాసిన 'కొరుత్ల' అగును. దీర్ఘము పోయినది, టకారము పోయినది. సిరిసిల్లకు ఆంగ్లములో ప్రసిద్ధమైన వర్ణక్రమమున పెద్ద 'ఎస్', నడుమ 'సి' ఉన్నవి. దానిని ఈ పద్ధతి 'శిర్చిల్ల' అని చదువును. జగిత్యాలకు వాడుకలోనున్న ఆంగ్ల రూపమును చిన్న అక్షరములతో ఇచ్చినచో 'జగ్తిఅల్' అగును. పేరంతయు పెద్ద అక్షరములతో వ్రాసి గౌరవింపదలచిన యెడల సిరిసిల్లలోని లకారములు ళకారములగును. యంత్రము తప్పు చేయలేదు; చెప్పినట్లు చేసినది. సొంత ఊరి పేరే చెడిన చేవ్రాలును నెలల తరబడి ప్రతి జాబు క్రింద పంపుట ఎవరికి సమ్మతము?

దీనికి మందు రెండు విధములు. ఊరి పేరును, ఇంటి పేరును ఆర్.టి.ఎస్. నియమము ప్రకారము వ్రాయుట ఒకటి. కోరుట్లకు పెద్ద 'ఓ', పెద్ద 'టి'. జగిత్యాలకు చిన్న 'టి', 'వై', రెండు 'ఏ'లు. సిరిసిల్లకు అన్నియు చిన్న అక్షరములే, రెండు 'ఎస్'లు, రెండు 'ఎల్'లు. రెండవది, ఆంగ్లములోనే ఉండవలసిన భాగమును, అనగా కార్యాలయపు పేరు, ఈ-మెయిలు విలాసము వంటి వానిని, లిపి మార్పు తగులకుండ వేరుచేయుట. అట్లు చేయనిచో విలాసము కూడ తెలుగు అక్షరములై ఎవరికిని పనికిరాకుండ పోవును.

యూనికోడ్ వచ్చిన తరువాత ఈ బాధ తీరినది. 1991 నాటి మొదటి యూనికోడ్ ప్రమాణములోనే తెలుగునకు స్థానము కలదు. అది సామాన్యుల కంప్యూటర్లకు చేరుటకు మాత్రము మరి పదియేండ్లు పట్టినది. కాని యూనికోడ్‌లో కూడ ఒక మెలకువ వలయును. నేడు వాడుకలోనున్న యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును. 'జగిత్యాల' అను మాటలో గుడి, పొల్లు, దీర్ఘము కలిపి ఎనిమిది సంకేతములు. అనగా 24 బైట్లు. అక్షరములు గాక బైట్లు లెక్కించి కత్తిరించు పాత ప్రోగ్రాము ఒక సంకేతపు నడుమ కోయవచ్చును; అప్పుడు చివర పెట్టె గుర్తో ప్రశ్నార్థకమో మిగులును. చేవ్రాలు ఫైలు ఒక పద్ధతిలోను, జాబు వేరొక పద్ధతిలోను దాచబడినచో చేవ్రాలంతయు ప్రశ్నార్థకములే యగును. రెండింటిని ఒకే పద్ధతిలో దాచిన చాలును.

యంత్రపు లోపములు ఇవి. ఇక మనుష్యుని లోపము. చేవ్రాలులో ఏమి వ్రాయవచ్చును? ఇంటి చిరునామా, టెలిఫోను సంఖ్య ఉంచువారు కలరు. గోష్ఠిలోని జాబు నేడు చదివి రేపు పారవేయునది కాదు. 1995 నుండి డెజా న్యూస్ అను సంస్థ యూజ్‌నెట్ జాబులను భద్రపరచి వెదకుటకు వీలు కల్పించెను. 2001లో గూగుల్ దానిని కొని, 1981 నుండి గల జాబులను జనమునకు అందుబాటులోనికి తెచ్చెను. గూగుల్ గ్రూపుల నుండి యూజ్‌నెట్‌కు క్రొత్త జాబులు పోవుట 2024 ఫిబ్రవరి 22తో ఆగినను, పాత జాబులను చదువుటకు అడ్డు లేదు. పది మంది మిత్రుల కొరకు వ్రాసిన సంఖ్య ముప్పది ఏండ్ల తరువాత కూడ అపరిచితునకు దొరకును. చేతితో వ్రాయునపుడు "ఈ జాబులో ఇంటి నంబరు అవసరమా?" అని ఒకసారి ఆలోచింతుము. యంత్రము ఆలోచింపదు, వందసార్లు వ్రాయును. కనుక చేవ్రాలులో పేరు, ఊరు, బదులు పంపుటకు ఒక్క మార్గము ఉన్న చాలును.

చివరగా మిక్కిలి ముఖ్యమైన మాట. ఈ చేవ్రాలు సంతకము కాదు. కాగితముపై చేసిన సంతకములో చేతి తీరుండును, వేలిముద్రలో వేలుండును. ఇందు ఉన్నవి ఒక ఫైలులోని నాలుగు పంక్తులు మాత్రమే. ఎవరైనను ఆ నాలుగు పంక్తులను చూచి తమ ఫైలులో వ్రాసికొనవచ్చును. వారి జాబు క్రింద మన పేరు పడును. గల్ఫు దేశముననున్న కుమారుని పేర, అతని చేవ్రాలు యథాతథముగా ఉండి, "అత్యవసరము, ఫలానా ఖాతాకు డబ్బు పంపుడు" అని కోరుట్లలోని తల్లిదండ్రులకు ఒక జాబు వచ్చినదనుకొందము. క్రింద పేరున్నది గదా అని నమ్మి పంపరాదు. ముందే తెలిసిన సంఖ్యకు ఫోను చేసి అతని గొంతు వినవలెను. గొంతును కూడ అనుకరించు యంత్రములు వచ్చిన ఈ రోజులలో, ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక మాట అడిగి నిర్ధారణ చేసికొనుట ఇంకను మేలు.

క్రొత్తగా చేవ్రాలు ఏర్పరచుకొనువారు దానిని నలుగురు చదువు గోష్ఠిలో పరీక్షింపరాదు. యూజ్‌నెట్‌లో ఇందులకే 'మిస్క్.టెస్ట్' అను గోష్ఠి ఏర్పడినది. ఈ-మెయిలు వాడువారు తమకు తామే ఒక జాబు పంపుకొనిన చాలును. అది వచ్చిన పిదప వరుసగా చూడవలెను: చేవ్రాలు పడినదా, ఒక్కసారే పడినదా, నాలుగు పంక్తులకు లోబడినదా, బదులు వ్రాయ మొదలిడినపుడు దానంతట తొలగినదా, ఊరి పేరు సరిగా ఉన్నదా, అపరిచితునకు తెలియరానిది ఏదైనను అందున్నదా. ఫోను మార్చినప్పుడు, ఉద్యోగము మారినప్పుడు ఈ పరీక్ష మరల చేయవలెను; పాత కార్యాలయపు పేరుతో ఏండ్ల తరబడి జాబులు పోవుట అరుదు కాదు. ఇది ఐదు నిమిషముల పని. అటుపిమ్మట యంత్రము మన పేరు ఎన్నిసార్లు వ్రాసినను, అది మన మాట క్రిందనే పడును.